మా భూమి: ఆ తుపాకీ పట్టుకున్న చెయ్యి ఎవరిది?

వలస పాలన, క్రూరత్వం అనగానే మన మైండ్‌లో ఒక సీన్ రెడీగా ఉంటది. గుర్రం మీద తెల్లదొర, చేతిలో కొరడా, కింద దెబ్బలు తింటున్న మనోడు. సినిమాలు మనకు అట్లనే అలవాటు చేసినయ్. ఆ సీన్‌లో మనకొక సౌకర్యం కూడా ఉంది. చెడ్డోడు ఎవరో రంగు చూసి చెప్పేయొచ్చు. మనం ఆ సైడ్ కాదు కాబట్టి పాప్‌కార్న్ తింటూ హాయిగా చూడొచ్చు.

ఇవాళ మనం మాట్లాడుకునే సినిమాలో తెల్లదొర లేడు. కొట్టేవాడూ, కొట్టించుకునేవాడూ ఇద్దరూ మన భాషే మాట్లాడతారు. సినిమా పేరు 'మా భూమి'. 1979లో వచ్చింది. ఉర్దూ రచయిత కిషన్ చందర్ రాసిన 'జబ్ ఖేత్ జాగే' అనే నవల దీనికి ఆధారం. డైరెక్టర్ గౌతమ్ ఘోష్, తెలుగు రాని బెంగాలీ, అప్పటికి ముప్ఫై కూడా నిండలేదు. ఫీచర్ ఫిల్మ్ తీయడం ఆయనకు అదే ఫస్ట్ టైమ్. నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. హీరో రామయ్యగా సాయిచంద్. పాటగాడిగా గద్దర్ కనిపిస్తారు. ఒక ఉర్దూ నవల, ఒక బెంగాలీ డైరెక్టర్, మన తెలంగాణ పల్లె. ఈ కాంబినేషనే ఒక ముచ్చట.

సినిమాలోకి పోయే ముందు ఒక ప్రశ్న. హైదరాబాద్‌లో ఉన్నది నిజాం రాజ్యం గదా, మరి దీన్ని వలస పాలన అని ఎట్లా అంటాం?

1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో ఒక సైనిక ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ సైన్యం ఇక్కడ ఉంటది, ఖర్చు నిజాం పెట్టుకోవాలి, బయటి రాజ్యాలతో సంబంధాలు కంపెనీ చెప్పినట్టే నడవాలి. కోఠిలో కట్టిన రెసిడెన్సీ నుంచి బ్రిటిష్ రెసిడెంట్ అన్నీ గమనించేవాడు. సింహాసనం నిజాంది, దాని వెనుక బలం బ్రిటిష్ వాళ్లది. నిజాం కింద జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌లు. వాళ్ల కింద ఊళ్లో పటేల్, పట్వారీ. ఇంకా కింద గుమస్తాలు, సుంకరులు, దొర గూండాలు.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేటప్పుడు ఏ సిస్టమ్‌నైనా లేయర్లుగా కట్టేవాళ్లం. పై లేయర్‌కి కింద లేయర్ లోపల ఏం జరుగుతుందో తెలియాల్సిన పని లేదు, దానికి కావాల్సింది రిజల్ట్ మాత్రమే. కోడ్‌లో అది మంచి డిజైన్. పాలనలో మాత్రం అదే అన్నిటికన్నా డేంజర్. రెసిడెంట్‌కి కావాల్సింది శాంతి. నిజాంకి కావాల్సింది శిస్తు. దేశ్‌ముఖ్‌కి కావాల్సింది భూమి. ఆ రిజల్ట్ ఎవరి వీపు మీద వాతలు పెట్టి వచ్చిందో పైనున్నోడు అడగడు. కిందున్నోడిని అడిగితే "నాదేముంది, దొర చెప్పిండు" అంటాడు.

ఆ వీపు ఎవరిదో చూద్దాం. నిజాం రాజ్యంలో సుమారు 60 శాతం భూమి ప్రభుత్వ దివానీ కింద, 30 శాతం జాగీర్ల కింద ఉండేది. మిగతా 10 శాతం 'సర్ఫ్-ఎ-ఖాస్', అంటే నిజాం సొంత ఖర్చులకు పెట్టుకున్న భూమి. విసునూరు దేశ్‌ముఖ్ ఒక్కడి కిందే 40 వేల ఎకరాలు ఉండేవని ఉద్యమ చరిత్రలు రాశాయి. ఇంత భూమిని నడిపింది వెట్టి. కుమ్మరి కుండలు ఊరికే ఇయ్యాలి. గొల్లవాళ్లు గొర్రెలు ఇయ్యాలి. చాకలి, మంగలి గడీలో చాకిరీ చెయ్యాలి. మాదిగలు చెప్పులు, మోట తొండాలు కుట్టి ఇయ్యాలి. అప్పు తీసుకుంటే నాగువడ్డీ, తీర్చలేకపోతే తరతరాలు భగేలాగా జీతం చెయ్యాలి. దొర బిడ్డ పెళ్లయి అత్తగారింటికి పోతే ఆమె వెంట బానిసలుగా ఆడపిల్లల్ని పంపేవాళ్లు. ఆ ఆడపాప బతుకు మీద నర్సింగరావే తర్వాత 1988లో 'దాసి' తీశారు.

ఇప్పుడు కథలోకి పోదాం. నవలలో హీరో పేరు రాఘవరావు. పేద రైతు కొడుకు. తెల్లారితే ఉరి. జైల్లో ఆ ఒక్క రాత్రి తన బతుకంతా గుర్తు చేసుకుంటాడు. అంటే నవల మొత్తం ఒక మనిషి తలలో నడుస్తుంది. సినిమా ఆ తలలోంచి బయటికి వచ్చి ఊళ్లో నిలబడుతుంది. హీరో పేరు రామయ్య అవుతుంది. పొలం, గడీ, తండా, సంత అన్నీ మన కళ్ల ముందే జరుగుతాయి. నాకు ఈ మార్పు చాలా ముఖ్యం అనిపిస్తది. మనస్సాక్షి ఒక మనిషి లోపల పుడుతుందని నవల చూపిస్తే, అది ఎవరి మధ్య పెరుగుతుందో సినిమా చూపిస్తుంది.

రామయ్య మొదటి తిరుగుబాటు ఎవరి మీదో గమనించండి. అతను చంద్రి అనే తండా పిల్లను ప్రేమిస్తాడు. దొర ఆమెను లొంగదీసుకుంటాడు. రామయ్యకు కోపం వస్తది. కానీ ఆ కోపం ముందుగా చంద్రి మీదికే పోతది! ఊరు వదిలేసి సూర్యాపేట, అక్కడి నుంచి హైదరాబాద్ పోతాడు. రిక్షా తొక్కుతాడు, ఫ్యాక్టరీలో పని చేస్తాడు. అక్కడ మక్బూల్ అనే కార్మిక నాయకుడు పరిచయం అవుతాడు. ఆ సావాసంలోనే తన కోపం ఎవరి మీదికి పోవాలో రామయ్యకు అర్థమవుతుంది.

సినిమాలో నాకు నచ్చిన అసలు పాయింట్ ఇదే. రామయ్యకు మనస్సాక్షి లేక కాదు. అన్యాయం చూస్తే రక్తం మరుగుతుంది. కానీ అడ్రస్ తెలియని కోపం బలహీనుల మీదే పడుతుంది. దానికి సరైన అడ్రస్ ఇచ్చింది ఇంకో మనిషి. ఆ మనిషి పేరు మక్బూల్ అని గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఈ చరిత్రను ఇవాళ హిందూ, ముస్లిం లెక్కల్లోకి కుదించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

సినిమా పక్కన పెట్టి, నిజంగా జరిగింది చూద్దాం. వరంగల్ నుంచి బండి తీస్తే మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చే దూరంలో కడవెండి ఉంది, ఇప్పటి జనగామ జిల్లాలో. 1946 జులై 4న సంఘం వాళ్లు ఊళ్లో ఊరేగింపు తీశారు. గడీ దగ్గరికి రాగానే దొర మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య చనిపోయాడు. సాయుధ పోరాటానికి తొలి అమరుడు ఆయనే.

కొమరయ్య పేరు మనకు తెలుసు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి పేరూ తెలుసు. మరి ట్రిగ్గర్ నొక్కిన చెయ్యి? అది తెల్లోడి చెయ్యి కాదు. నిజాం చెయ్యి కాదు. దేశ్‌ముఖ్ చెయ్యి కూడా కాదు. జీతానికి గడీ వాకిట్లో నిలబడ్డ చెయ్యి. బహుశా రాత్రి ఇంటికి పోయి పిల్లలతో కలిసి గట్క తిన్న చెయ్యి. ఇంత పెద్ద రాజ్యం అట్లాంటి చేతులు లేకుండా ఒక్క రోజు కూడా నడవదు. అందుకే మనస్సాక్షి అన్నది హీరోలకు మాత్రమే సంబంధించిన టాపిక్ కాదు.

ఇక పాలకుర్తి ఐలమ్మ. బట్టలు ఉతికే కులంలో పుట్టిన మనిషి. కౌలుకు తీసుకున్న నాలుగెకరాల్లో పంట పండిస్తే, ఆ పంటను ఎత్తుకుపోవడానికి దేశ్‌ముఖ్ మనుషుల్ని పంపాడు. ఆమె ఇయ్యనన్నది. ఆ మాట ఆమె ఒక్కతే అన్నది. కానీ ఆ వడ్లు ఇంటికి చేరింది సంఘం కార్యకర్తలు చేన్లో దిగి, కోసి, మోసుకొచ్చినందుకు. ఒక్కరు అన్న మాట పదిమంది భుజం పడితేనే గింజ అయింది.

మరి పక్కన పదిమంది లేనప్పుడు? షోయబుల్లా ఖాన్‌ని చూడండి. మన మహబూబాబాద్ ప్రాంతంలో పుట్టిన జర్నలిస్టు. 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక నడిపాడు. రజాకార్ల దౌర్జన్యాలను ఎండగడుతూ, హైదరాబాద్ భారత యూనియన్‌లో కలవాలని రాశాడు. ముస్లిం అయ్యుండి ఇట్లా రాస్తావా అని బెదిరించారు. ఆపలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి పోతుంటే కాచిగూడ దగ్గర చంపేశారు, రాసిన చెయ్యి నరికేశారు. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు. దాదాపు నా వయసు, మీలో చాలామంది వయసు. పరాయోళ్ల తప్పు మీద రాయడానికి కొంత ధైర్యం కావాలి. మనోళ్లు అనుకునేవాళ్ల తప్పు మీద రాయడానికి దానికి పదింతలు కావాలి.

ఆ కొలతతోనే తర్వాతి రోజులను కూడా చూడాలి. 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 వరకు పోలీసు యాక్షన్ జరిగింది. నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ పోయింది, జనం సంబరపడ్డారు, అది న్యాయమే. కానీ ఆ తర్వాత హైదరాబాద్ రాజ్యంలో, ముఖ్యంగా మరాఠీ, కన్నడ జిల్లాల్లో, వేలాది మంది మామూలు ముస్లింలను చంపేశారు. ప్రధాని నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం అంచనా ప్రకారం చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల మంది. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు జనానికి అందుబాటులోకి రాలేదు. షోయబుల్లాకు జోహార్లు కొట్టే మనం ఈ లెక్క దగ్గర సైలెంట్ అయిపోతే, మనకు నచ్చింది ఆయన చావే తప్ప ఆయన మనస్సాక్షి కాదని అర్థం.

ఇక సినిమా ముగింపు. స్పాయిలరే, కానీ 1979 సినిమా గదా, పర్లేదు. పారిపోయిన దొర మళ్లీ ఊళ్లోకి వస్తాడు. ఈసారి ఒంటి మీద ఖద్దరు, తల మీద గాంధీ టోపీ. వెంట కొత్త ప్రభుత్వ సైన్యం. రైతులు పంచుకున్న భూమిని వాపస్ గుంజుకుంటారు. రామయ్య ప్రాణం ఆ సైన్యంతో పోరులోనే పోతుంది. ఉద్యమంలో దాదాపు 3 వేల ఊళ్లలో 10 లక్షల ఎకరాలు పంచామని, 4 వేల మంది దాకా ప్రాణాలు ఇచ్చారని నాయకులు రాసుకున్నారు. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించారు.

చాలామంది ఈ ముగింపును నిరాశగా చూస్తారు. నాకు అట్లా అనిపించదు. కాస్ట్యూమ్ మారినంత మాత్రాన క్రూరత్వం మారలేదని చెప్పడానికి సినిమా భయపడలేదు. జెండా మారినప్పుడు, టోపీ మారినప్పుడు కూడా మనిషి అడగాల్సిన ప్రశ్న అదే: ఈ పని నా చేత్తో చేయిస్తున్నారా? చేస్తానా, చెయ్యనా?

ఇంకో మాట చెప్పి ముగిస్తా. బ్రిటిష్ రెసిడెంట్ కూర్చున్న కోఠి రెసిడెన్సీ తర్వాత ఆడపిల్లల కాలేజీ అయింది, ఆ తర్వాత యూనివర్సిటీ అయింది. 2024లో దానికి కొత్త పేరు పెట్టారు: వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. లేయర్లలో అందరికంటే పైనున్న వాడి బిల్డింగ్‌కి, అందరికంటే కింద నిలబెట్టబడిన మనిషి పేరు. బాగుంది, గర్వపడదాం. కానీ పేరు పెట్టడం ఈజీ. అక్కడ చదువుకునే ఒక అమ్మాయి రేపు ఆఫీసర్ అయి, సంతకం పెట్టాల్సిన ఒక తప్పుడు ఫైల్ ముందు కూర్చుని "పెట్టను" అంటే, ఆ పేరు పెట్టినందుకు ఫలితం దక్కినట్టు. ఆమె అట్లా అన్న రోజు, వడ్లు మోసిన ఆ పదిమంది లెక్క పక్కన నిలబడాల్సింది మనమే.

సినిమా దొరికితే చూడండి. మీ ఊళ్లో గడీ ఉంటే, అక్కడ వెట్టి చేసినోళ్ల గురించి ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. గడీ తరఫున కర్ర పట్టుకున్నది ఎవరో కూడా అడగండి. జవాబు మన ఇంటి పేరుతో రావచ్చు. వచ్చినా వినండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.