జబ్బు లేని బిడ్డకు పరీక్ష యేల?



2022వ సంవత్సరమున సంక్రాంతి సెలవులు ముగియగనే, జనవరి 17వ తేదీని, ఆంధ్రప్రదేశమునందు బడులు తెరచిరి. అప్పటికి ఒమిక్రాన్ అను క్రొత్తరూపముతో కరోనావ్యాధి దేశమంతట వ్యాపించుచుండెను. పొరుగున తెలంగాణమువారు ఆ నెలాఖరు వరకు సెలవులు పొడిగించిరి. మన గోదావరిసీమలో సంక్రాంతి యెట్టిదో మీకు నేను చెప్పనక్కరలేదు. హైదరాబాదునుండి, బెంగుళూరునుండి కొడుకులు, కోడండ్రు, అల్లుండ్రు వచ్చి వెళ్లిరి. కోడిపందెముల బరులకడ జనము క్రిక్కిరిసెను. కనుమ వెళ్లిన మరునాడే పిల్లలు బడికి పోవలెను. పదునైదేండ్లు నిండినవారికి జనవరి 3వ తేదీనుండి టీకా మొదలైనది గాని, అంతకు చిన్నవారికి లేదు. మందుల దుకాణములలో ముక్కుపరీక్ష కిట్లు అమ్ముచుండిరి. కులాసాగా నున్న పిల్లవానిని వారమువారము ఇంటిలోనే పరీక్షించి బడికి పంపవలెనా, అక్కరలేదా? ఈ ప్రశ్న ఆ దినములలో ననేక గృహములయందు పుట్టినది. దాని పూర్వచరిత్రను నేడు మనవి చేసెదను.

మన ప్రాచీనవైద్యులు పరీక్షను మూడు విధములుగా చెప్పిరి: చూచుట, తాకుట, అడుగుట. ఈ మూడును రోగియై వచ్చినవానిని గూర్చినవి. రోగలక్షణములు లేనివానిని పరీక్షింప నేల యన్నచో, దానికి సమాధానము తర్కశాస్త్రమునందు దొరకును. పొగ యున్నచోట నిప్పున్నదని చెప్పవచ్చును. పొగ లేనిచోట నిప్పు లేదని చెప్పరాదు. ఎర్రగా కాలిన యినుపగుండునందు నిప్పు గలదు, పొగ లేదు. జ్వరము, దగ్గు లేని బిడ్డయు అట్టి యినుపగుండు కావచ్చుననుటయే ఈ క్రొత్తపరీక్షకు మూలము.

ఈ సంగతి గోదావరి డెల్టావారికి కరోనాతో రాలేదు, బోదకాలుతో వచ్చినది. బోదకాలునకు కారణమైన సూక్ష్మక్రిములను 1872లో కలకత్తాయందు లూయిస్ అను వైద్యుడు మనుష్యుని రక్తమున చూచెను. మాన్సన్ అను మరియొక వైద్యుడు చీనాదేశమున నుండి, 1877లో ఆ క్రిములు దోమ దేహమున పెరుగుటను, 1879లో అవి రాత్రివేళ మాత్రమే పైరక్తములోనికి వచ్చుటను కనిపెట్టెను. కావున పగలు రక్తము తీసిన ప్రయోజనము లేదు. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము మొదలైనది. ఆ వ్యాధి విషయమున శిక్షణకు, పరిశోధనకు రాజమహేంద్రవరమున కేంద్రప్రభుత్వమువా రొక శాఖను నెలకొల్పిరి. మన కాలువలకు, మురుగుగుంటలకు దక్కిన గౌరవ మది!

నా బాల్యమున, 1960 దాటిన దినములలో, ఫైలేరియా ఉద్యోగులు రాత్రి తొమ్మిది, పది గంటలకు వీధిలోనికి వచ్చుట నాకు జ్ఞాపకమున్నది. నిద్రించుచున్న పిల్లలను లేపి, వ్రేలు పొడిచి, గాజుపలకమీద నెత్తురుచుక్క నద్దుకొనెడివారు. తల్లులు తలుపులు తీయుటకు సంశయించెడివారు. “కాలు వాచినవాళ్లు ఆ వీధిలో ఉన్నారండీ, అక్కడికి వెళ్లండి, మా పిల్లాడికేమీ లేదు” అనుట నేను వింటిని. అందలి వింత యేమన, కాలు బాగుగ వాచినవాని రక్తములో తరచుగా క్రిములు కనబడవు; ఏ వాపును లేక వీధిలో పరుగులిడు బాలుని రక్తములో కనబడవచ్చును. దోమ యా బాలునినుండియే క్రిమిని గైకొని పొరుగువానికి చేర్చును.

సంశయించిన తల్లులే తరువాత తలుపులు తీసిరి. రక్తము తీయుటకు పైకము పుచ్చుకొనలేదు. క్రిములున్నవని తేలినచో మనుష్యుడే యింటికి వచ్చి మాత్రలిచ్చి పోయెను. ఆ మాత్రలు కొంచెము తల త్రిప్పెడివి, అంతే. ఎవనికిని బడి మానలేదు, తండ్రికి కూలి పోలేదు. 2004 మొదలు ఏడాదికొకమారు ఊరంతటికి మాత్రలు పంచు పద్ధతి దేశమున విస్తరించినది. ఇట్లు వ్యాధి తగ్గినదో లేదో చూచుటకు ఆరేడేండ్ల బడిపిల్లల వ్రేలిరక్తమును చిన్న పట్టీమీద వేసి, పది నిమిషములలో గీత పడునో లేదో చూచు విధానమును ప్రపంచారోగ్యసంస్థ యేర్పరచినది. కరోనా కిట్టులోని గీతకు ఆ గీత అన్న వంటిది.

ఇక కరోనా మాట. మొదటి రెండు ఉధృతులలో ఆంధ్రప్రదేశమున హెచ్చు కేసులు నమోదైనది తూర్పుగోదావరి జిల్లాలోనే. 2020 నవంబరు 2వ తేదీని పెద్దతరగతులకు బడులు తెరచిన కొలది దినములకే రాష్ట్రమున 262 మంది విద్యార్థులకు, సుమారు 160 మంది ఉపాధ్యాయులకు వ్యాధి యున్నట్లు ప్రకటితమైనది. హాజరైన పిల్లలు నాలుగు లక్షలకు దగ్గరగా నుండిరి గనుక అది స్వల్పమేయని అధికారులు చెప్పిరి. లెక్క సరియే; కాని ఆ 262 మందిలో తన బిడ్డ యున్న తండ్రికి భిన్నముల గణితముతో పనిలేదు. 2021 మార్చిలో రాజమహేంద్రవరమందలి యొక ప్రైవేటు కళాశాల వసతిగృహమున నూరుమందికి పైగా విద్యార్థులకు వ్యాధి బయటపడినది.

ఇంటిలో చేసికొను కిట్టుకు భారత వైద్యపరిశోధన మండలివారు 2021 మే నెలలో అనుమతి యిచ్చిరి. మొదటి కిట్టు పూనాలోని మైల్యాబ్ సంస్థవారిది. వెల 250 రూపాయలు. ఫలితము పదునైదు నిమిషములలో. అయితే లక్షణములున్నవారు, వ్యాధి నిర్ధారణయైనవారితో దగ్గరగా మెలగినవారు మాత్రమే దీనిని వాడవలెనని, ఊరక అందరును చేసికొనరాదని ఆ మండలివారే చెప్పిరి. ఇంగ్లండులో నట్లు గాదు. 2021 మార్చి 8వ తేదీని బడులు తెరచినప్పుడు, ఉన్నతపాఠశాలల పిల్లలు వారమునకు రెండుమారులు ఇంటిలో పరీక్షించుకొనవలెనని అచ్చటి ప్రభుత్వము కోరి, కిట్లను ఉచితముగా నిచ్చినది. అచ్చట కాపురమున్న మన తెలుగువారి పిల్లలును ముక్కులో పుల్ల పెట్టుకొనియే బడికి పోయిరి. ఆ సంగతిని ఇక్కడి తాతలు, అమ్మమ్మలు సెల్‌ఫోనులో విని, “మన పిల్లలకెందుకు చేయరు?” అని యడుగసాగిరి.

లెక్క వేసి చూడుడు. ఆ సంవత్సరము మన రాష్ట్రమున ఉపాధిహామీపనికి దినకూలి 245 రూపాయలు. ఒక కిట్టు ఒక దినపు కూలిని మించినది. ఇద్దరు పిల్లలకు వారమునకు రెండేసిమారులన్న వేయి రూపాయలు, నాలుగు దినముల కష్టము. దీనికితోడు, పంతులుద్యోగము విరమించినను ఊరివారు పంతులును విరమింపనీయరు గనుక, నాకడకు వచ్చిన యొక తండ్రి యిట్లడిగెను: “గీత పడితే వాణ్ణి విడిగా పడుకోబెట్టమంటారు గదా మాస్టారండీ, మాకు రెండో గది ఏదండీ?” కిట్టుపెట్టెలోని కాగితమున దీనికి సమాధానము లేదు.

పరీక్షయొక్క బలాబలములును గలవు. ఒక ప్రాంతమున వేయిమంది పిల్లలున్నారని, నలుగురికి వ్యాధి యున్నదని, పరీక్ష ఆ నలుగురిలో ముగ్గురిని పట్టునని, ఆరోగ్యవంతులలో రెండువందలమందికి ఒకరియందు పొరబడునని యూహింపుడు. అప్పుడు ఎనమండుగురికి గీత పడును. అందు ఐదుగురికి వ్యాధియే లేదు! భోగినాటి మంచును చూచి పొగ యనుకొన్నట్లు. అదే వ్యాధి నూరుమందికి వ్యాపించియున్నప్పుడు, నిజమైన గీతలు డెబ్బదియైదు, తప్పుడు గీతలు నాలుగైదు. అనగా కిట్టు ఒక్కటే యైనను, ఊరిలో వ్యాధి యెంతయున్నదో దానినిబట్టి కిట్టుమాటకు విలువ మారును. మరియు నేడు గీత పడకపోయినచో ఎల్లుండి పడదని కాదు. క్రిమి మిక్కుటముగా నున్న దినములలోనే ఈ పరీక్ష దానిని పట్టును. ఇంగ్లండువారు వారమునకు రెండుమారులనుటకు కారణ మిదియే.

కావున మన సీమలో, ఎవరి డబ్బు వారే పెట్టుకొని ప్రతిబిడ్డకు వారమువారము చేయించుట తగినపని కాదని నా యభిప్రాయము. ఊరిలో వ్యాధి హెచ్చుగా నున్నప్పుడు ఇంటికొక కిట్టు ఉంచుకొని, బిడ్డకు జలుబో జ్వరమో తగిలినప్పుడు, తోడిపిల్లవానికి వ్యాధి యని తెలిసినప్పుడు వాడుటయే మేలని అడిగినవారికి చెప్పితిని. కిట్టు ఉచితముగా వచ్చి, గీత పడిన యింటికి పదిదినముల బియ్యము, కూలి యిచ్చు ఏర్పాటుండినచో వేరొక విధముగా చెప్పియుందును. ఫైలేరియావారు గాజుపలకతో పాటు మాత్రలు గూడ తెచ్చిరి.

ఇంగ్లండులో సాధారణపాఠశాలల వారపుపరీక్షలు 2022 ఫిబ్రవరి 21వ తేదీతో ఆగినవి. మన దేశమున పండ్రెండేండ్లు నిండిన పిల్లలకు మార్చి 16వ తేదీనుండి, హైదరాబాదులోని బయొలాజికల్ ఇ సంస్థవారు తయారుచేసిన కార్బెవాక్స్ టీకా మొదలైనది, రెండు మోతాదులుగా, ఇరువదియెనిమిది దినముల యెడముతో, ఉచితముగా.