‘విటమినులు’ అను బహువచనము



మన భాషలో బహువచనము రెండు విధములుగా నున్నది. పాలు, నీళ్లు అన్నప్పుడు రూపము బహువచనమే గాని వస్తు వొక్కటే. నవధాన్యములన్నచో కందులు వేరు, పెసలు వేరు. వానిలో నొకటి లోపించినను లెక్క పూర్తి కాదు. ‘విటమినులు’ అను మాటను మనలో పలువురు పాలు, నీళ్లవలె వాడుచున్నారు. అది నవధాన్యముల వంటి బహువచనమని దాని చరిత్ర తెలుపుచున్నది.

పందొమ్మిదవ శతాబ్దపు కడపటి దశాబ్దమున జావా ద్వీపములో ఐక్మన్ అను డచ్చి వైద్యుడు, తవుడు తీసిన తెల్లని బియ్యము తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, తవుడు గల బియ్యము పెట్టగా నవి కోలుకొనుటయు గనిపెట్టెను. మనుష్యులకు వచ్చు బెరిబెరి యిట్టిదే. మన ఉత్తర సర్కారులలోను ఆ వ్యాధి పూర్వము ప్రబలియుండెను.

1912లో లండనునందు పనిచేయుచుండిన కాసిమిర్ ఫంక్ అను పోలండు దేశీయుడు ఇట్టి పదార్థములకు ‘విటమైనులు’ అని పేరిడెను. లాటిను భాషలో ‘వీటా’ యనగా జీవము. ‘అమైను’ యనునది నత్రజని గల యొక రసాయన వర్గము. బెరిబెరిని వారించున దొకటి, స్కర్వీని వారించునది మరియొకటి యుండునని యాతడు నాడే తలంచెను. కావున బహువచన మా పేరితోడనే పుట్టినది.

1913లో అమెరికాయందు మెక్కాలమ్, డేవిస్ అను వారు వెన్నలో నుండు మరియొక పోషకమును గుర్తించిరి. వెన్నలోనిది ‘ఎ’ యనియు, నీట కరగునది ‘బి’ యనియు వ్యవహరింపబడెను. ఇవి యన్నియు అమైనులు కావని తేలగా, 1920లో డ్రమండు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆ పేరి తుది యక్షరమును తీసివేయ సూచించెను. అంతట ‘విటమిను’ అయ్యెను. పిమ్మట ‘బి’ సయితము ఒక్కటి గాక పెక్కింటి సముదాయమని బయల్పడెను. నేడు ‘బి’ వర్గమున 8, మొత్తము మీద 13 విటమినులు లెక్కకు వచ్చుచున్నవి. ఆ 8లో నొకటియగు ఫోలిక్ ఆమ్లమును 1945 నాటికి కృత్రిమముగా తయారుచేసిన అమెరికా పరిశోధక బృందమునకు నాయకులు, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఈ బహువచనము మన గృహములకు సంబంధించిన విషయము. విటమిను ‘ఎ’ లోపము వలన రేచీకటి వచ్చిన బిడ్డకు దంపుడు బియ్యము చాలదు. పాలు, వెన్న, ఆకుకూరలు కావలయును. స్కర్వీ వలన చిగుళ్లనుండి నెత్తురు కారువానికి ఉసిరిక, నిమ్మ మేలు చేయును గాని వెన్న చేయదు. ఒకదాని లోటు మరియొకటి తీర్పజాలదు. కావున ఎవరైన ‘ఇందులో విటమినులున్నవి’ అని చెప్పినప్పుడు, ‘ఏ విటమిను?’ అని యడిగి తెలిసికొనుట పెద్దలకు ఉచితము.