బ్రేకు పట్టేసిందండీ!

మన భాషలో ‘పట్టేయడం’ అని ఒక మాటుంది. మెడ పట్టేస్తుంది, నడుం పట్టేస్తుంది, వానాకాలంలో తలుపు పట్టేస్తుంది. కారున్న ఇంట్లో బ్రేకు కూడా పట్టేస్తుంది. బ్రేకు పడకపోతే ప్రమాదమని చిన్నపిల్లలకి కూడా తెలుసు. పడ్డ బ్రేకు వదలకపోయినా ప్రమాదమేనని చాలామందికి చక్రం పొగలు కక్కేదాకా తెలీదు.

మా కోదాడలో మొన్న వానాకాలమంతా మా కారు వేపచెట్టు కింద కదలకుండా నిలబడింది. పండక్కి అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని సూర్యాపేట బయల్దేరాం. హైవే ఎక్కే మలుపు దగ్గరే ఏదో మాడిన వాసన. దిగి చూస్తే కుడి చక్రం మామూలుగా ఉంది, ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత సెగ. ఎదురుగా సిమెంటు లారీలు బారులు తీరి పోతున్నాయి. ఆ వరసలో కలిశాక బ్రేకు నూనె మరిగి పెడలు కిందికి జారిపోయుంటే? అమ్మకి ఈ మాట చెప్పలేదు. నడక వేగంతో ఇంటికొచ్చేశాం.

ఇంతకీ ఈ బ్రేకు పుట్టుక చిత్రమైంది. ఇంగ్లండులో డెర్బీషైర్ కొండదారుల్లో గుర్రబ్బళ్ల వాళ్లు పల్లంలో బండి ఆపడానికి బ్రేకు దుంగకి పాత బూట్ల తోలు కొట్టుకునేవారట. అది చూసిన హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన 1897లో బ్రేకు పట్టీలు చెయ్యడం మొదలుపెట్టాడు. కంపెనీ పేరు ‘ఫెరోడో’. తన ఇంటిపేరులోని అక్షరాలు అటూ ఇటూ మార్చి, భార్య ఎలిజబెత్ పేరులోంచి ఒక అక్షరం కలిపాడని చెబుతారు. ఆవిడ ఒప్పుకుందో లేదో మరి!

1902లో బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. చక్రంతో పాటు తిరిగే పళ్లేన్ని రెండు వైపుల నుంచీ నొక్కి ఆపడం. ఆలోచన బంగారం. కాని నొక్కే ముక్కలు రాగివి, ఆనాటి రోడ్లు దుమ్ము రోడ్లు. రాగి ఇట్టే అరిగిపోయేది, పైగా చెవులు చిల్లులు పడే కీచుమోత. ఆ దుమ్మే డిస్కు బ్రేకుని యాభై ఏళ్లు వెనక్కి నెట్టింది. ఈలోగా డ్రమ్ము బ్రేకులే రాజ్యమేలాయి. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకీ నూనె ఒత్తిడితో పనిచేసే బ్రేకులు పెట్టినా, చక్రం దగ్గర ఉన్నది డ్రమ్మే.

డ్రమ్ముకి ఉన్న జబ్బల్లా వేడి. మూసిన డబ్బాలో పుట్టిన వేడి బయటికి పోదు, వేడెక్కిన కొద్దీ బ్రేకు మెత్తబడుతుంది. 1953లో ఫ్రాన్సులోని ల మాన్స్ 24 గంటల పందెంలో జాగ్వార్ సి-టైప్ కారు డన్‌లప్ వాళ్ల డిస్కులతో వచ్చి గెలిచింది. పొడవాటి దారి చివర మిగతావాళ్లు ముందే వేగం తగ్గించుకుంటుంటే ఇది ఆఖరు క్షణందాకా దూసుకుపోయేది. 1955లో సిత్రొయెన్ డీఎస్ కారు ముందు చక్రాలకి అవే పెట్టింది. మన అంబాసిడర్లు మాత్రం చాలా ఏళ్లు డ్రమ్ములతోనే కాపురం చేశాయి. మారుతులు ఊరూరా తిరగడం మొదలయ్యాకే డిస్కు మనకి ఇంటి మాటయింది.

అయితే గాలికి తెరిచి పెట్టినదానికి దుమ్మూ నీళ్లూ కూడా తగులుతాయి కదా. మా మెకానిక్కు ఆదివారం పొద్దున వచ్చి కారుని జాకీ మీద లేపాడు. కింద ఇనప స్టాండ్లు పెట్టేదాకా నన్ను దగ్గరికి రానివ్వలేదు. ముందు గాలి తీసే నిపిలు వదులు చేసి చక్రం తిప్పి చూశాడు. “నిపిల్ ఇప్పంగనే చక్రం తిరిగితే తప్పు గొట్టానిది సార్. తిరగలే. అంటే పిస్టనే పట్టేసింది” అన్నాడు.

చూశారూ, కాలిపర్‌లో పిస్టన్‌ను వెనక్కి లాగడానికి స్ప్రింగేమీ లేదు! చుట్టూ ఒక రబ్బరు రింగుంటుంది. పెడలు నొక్కినప్పుడు పిస్టన్‌తో పాటు అది కొంచెం మెలితిరుగుతుంది. వదిలితే మళ్లీ తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. అంతే. ఒక్క తుప్పు మచ్చ చాలు, ఆ రింగు ఓడిపోతుంది. ఇక బ్రేకు నూనె సంగతి. అది గాలిలో తేమ తాగుతుంది. డాట్ 3 రకం కొత్తది కనీసం 205 డిగ్రీలదాకా మరగదు. నూటికి 3.7 పాళ్లు నీరు తాగాక ఆ హామీ 140కి పడిపోతుంది. రెండేళ్లకోసారి మార్చమనేది ఊరికే కాదు. ఆ నీరే లోపలి ఇనుముకి తుప్పు కూడా.

పెడలు మీద మెల్లగా కాలు నొక్కిస్తూ, ఎదురుగా చెక్కముక్క అడ్డం పెట్టి, నూనె ఒత్తిడితోనే పిస్టన్ బయటికి తెప్పించాడు. కంప్రెసర్ గాలి కొడితే తూటాలా వచ్చి వేళ్లు చితక్కొడుతుందిట. కిరసనాయిలు తెస్తానంటే “రబ్బరు ఉబ్బి మల్లా పట్టేస్తది” అని వారించాడు. దుమ్ము ఊదబోతే తడిగుడ్డ అందించాడు. ఫ్రూడ్ గారి కాలం నుంచీ బ్రేకు పట్టీల్లో ఆస్‌బెస్టాస్ వాడారు కదా, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి విషం. పిస్టన్ మీద గుంటలు పడ్డాయి. గరుకు కాగితంతో రుద్దితే సరిపోదా అన్నాను. ఒప్పుకోలేదు. కొత్త పిస్టన్, కొత్త రింగు, జారే పిన్నులకి బ్రేకు గ్రీజు. కుడివైపు కూడా విప్పి చూసి, గాలి తీసి, పెడలు గట్టిబడ్డాకే తాళం నా చేతికిచ్చాడు.

ఇప్పుడు కరెంటు కార్ల కాలం. మోటారే వేగం తగ్గించేస్తుంటే డిస్కుకి పని తగ్గి, మా వేపచెట్టు కింది కారులా తుప్పు పడుతోంది. అందుకని 2020లో వచ్చిన ఫోక్స్‌వాగన్ ఐడీ 3కి వెనక చక్రాలకి మళ్లీ డ్రమ్ములే పెట్టారు. ఈ సంగతి చెబితే మా మెకానిక్కు నవ్వి, అంబాసిడర్ల నాటి డ్రమ్ము పుల్లర్ ఇంకా తన సంచిలోనే ఉందని తీసి చూపించాడు.