విమాన సంస్థల విలీనాలు – మన ఖాతాలోని మైళ్ళు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రైలు స్లీపర్ బెర్తు దొరికితే చాలనుకున్న మనలో చాలామందిమి రిటైరయిన తర్వాతే విమానం ఎక్కాం. పిల్లలు డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో, సిడ్నీలోనో స్థిరపడటంతో మనుమల కోసం ఏడాదికో, రెండేళ్ళకో ప్రయాణం తప్పడం లేదు. వెళ్ళిన ప్రతిసారీ విమాన సంస్థ మనకో సభ్యత్వ సంఖ్య ఇస్తుంది. ఆ ఖాతాలో మైళ్ళో, పాయింట్లో జమ అవుతాయి. "ఇంకొన్ని చేరితే ఒక టిక్కెట్టు ఉచితంగా వస్తుంది నాన్నా" అని పిల్లలు చెబుతారు. అవి పోగయ్యేలోగా ఆ సంస్థ వేరొక సంస్థలో కలిసిపోయిందనో, మూతపడిందనో పేపర్లో వార్త వస్తుంది. మరి మన పాయింట్ల గతి ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే విమానయాన చరిత్ర పుటలు కొన్ని వెనక్కి తిప్పాలి.

ఎనిమిది కలిసి ఒకటైన కథ

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి చిన్న విమానంలో టపా సంచులు తెచ్చారు. ఆ సంస్థే 1946లో ఎయిర్ ఇండియా అయింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యానికి అక్కరలేని డకోటా విమానాలు చౌకగా దొరకడంతో దేశంలో విమాన కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. మన హైదరాబాదులోనూ ఒకటి ఉండేది. నిజాం ప్రభుత్వమూ, టాటాలూ కలిసి 1945లో నెలకొల్పిన దక్కన్ ఎయిర్‌వేస్ అది. బేగంపేట దాని కేంద్రం. మన దేశంలో వాణిజ్య విమానం నడిపిన తొలి మహిళ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చింది ఈ హైదరాబాదు కంపెనీయే.

కంపెనీలు ఎక్కువ, ప్రయాణికులు తక్కువ. నష్టాలు పెరిగాయి. పార్లమెంటు 1953లో ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం చేసింది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది సంస్థలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌గా ఏర్పడ్డాయి. విదేశీ సర్వీసులు ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌కు దక్కాయి.

అప్పట్లో ప్రయాణికుడికి ఖాతా లేదు, పాయింట్లు లేవు. టిక్కెట్టు కొన్నాడు, దిగాడు, ఇంటికి వెళ్ళాడు. కనుక విలీనంలో అతను పోగొట్టుకున్నదేమీ లేదు. చిక్కంతా ఉద్యోగులకే. ఎనిమిది సంస్థల సిబ్బందిని ఒక్క సీనియారిటీ జాబితాలోకి తేవడం ఎలాంటి పనో సర్వీసు రూల్సుతో కుస్తీ పట్టిన మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

మైళ్ళు ఎలా పుట్టాయి

అమెరికాలో 1978 వరకు విమాన ఛార్జీలనూ, మార్గాలనూ ప్రభుత్వమే నిర్ణయించేది. ఆ ఏడాది ఆంక్షలు ఎత్తివేశారు. పోటీ ముదిరింది. వచ్చిన ప్రయాణికుణ్ణి పక్క కంపెనీకి పోకుండా కట్టిపడేయడం ఎలా? 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్వాంటేజ్ అనే పథకం ప్రారంభించింది. ఎన్ని మైళ్ళు ప్రయాణిస్తే అన్ని మైళ్ళు ఖాతాలో రాస్తారు, తగినన్ని చేరాక ఉచిత టిక్కెట్టు ఇస్తారు. కొద్ది రోజుల్లోనే యునైటెడ్ కూడా తన పథకంతో దిగింది. ఎలాగూ ఖాళీగా వెళ్ళే సీటును ఇస్తే కంపెనీకి పోయేది తక్కువ, ప్రయాణికుడికి కలిగే తృప్తి ఎక్కువ. అదీ ఇందులోని కిటుకు.

తర్వాత బ్యాంకులు రంగంలోకి వచ్చాయి. క్రెడిట్ కార్డు వాడేవారికి ఇవ్వడానికి విమాన సంస్థల దగ్గర మైళ్ళను టోకున కొనసాగాయి. కొన్ని సంస్థలకు విమానాలకంటే ఈ పథకమే విలువైన ఆస్తి అయింది. 2020లో కోవిడ్ వల్ల విమానాలు నిలిచిపోయినప్పుడు యునైటెడ్ తన మైళ్ళ పథకాన్నే తనఖా పెట్టి 500 కోట్ల డాలర్లకు పైగా అప్పు తెచ్చుకుంది. కంపెనీకి తనఖాగా పనికివచ్చిన ఆ మైళ్ళకు, వాటిని పోగుచేసిన సభ్యుడి దగ్గర మాత్రం ఏ హామీ పత్రమూ లేదు.

కూటములు – రాకపోకలు

ఒక్క సంస్థ ప్రపంచమంతా తిరగలేదు. అందుకని సంస్థలు జట్లు కట్టాయి. 1997 మేలో యునైటెడ్, లుఫ్తాన్సా, ఎయిర్ కెనడా, ఎస్.ఎ.ఎస్., థాయ్ సంస్థలు స్టార్ అలయన్స్‌గా ఏర్పడ్డాయి. 1999లో అమెరికన్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ప్రభృతులు వన్‌వరల్డ్ పెట్టాయి. 2000లో డెల్టా, ఎయిర్ ఫ్రాన్స్ మొదలైనవి స్కైటీమ్ అన్నాయి.

ఇందులో మనకు ఒరిగేదేమిటంటే, ఒక జట్టులోని ఏ విమానం ఎక్కినా సాధారణంగా మైళ్ళన్నీ ఒకే ఖాతాలో వేసుకోవచ్చు. హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సాలోనూ, అక్కడి నుంచి చికాగోకు యునైటెడ్‌లోనూ వెళ్ళినవారు రెండు ఖాతాలు తెరవనక్కరలేదు. ఎమిరేట్స్ వంటి పెద్ద సంస్థ ఏ జట్టులోనూ చేరకుండా తన దారిన తాను నడుస్తోంది.

అయితే ఈ జట్లు శాశ్వతం కావు. కాంటినెంటల్ 2009లో స్కైటీమ్ విడిచి స్టార్‌లో చేరింది, మరుసటి ఏడాదే యునైటెడ్‌తో ఏకమైంది. యు.ఎస్. ఎయిర్‌వేస్ అమెరికన్‌తో కలిసినందున 2014లో స్టార్ వదలి వన్‌వరల్డ్‌కు వెళ్ళింది. స్టార్ స్థాపకుల్లో ఒకటైన ఎస్.ఎ.ఎస్. కూడా 2024 సెప్టెంబరులో స్కైటీమ్‌లోకి మారింది. కంపెనీ గోడ దూకినప్పుడల్లా సభ్యుడి ఖాతా అక్కడే ఉంటుంది, కానీ దానితో ఎక్కగలిగే విమానాలు మారిపోతాయి.

మన దేశంలో మూడు రకాల ముగింపులు

1994లో ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం రద్దయి ప్రైవేటు సంస్థలకు తలుపులు పూర్తిగా తెరుచుకున్నాయి. ఆ దశకంలోనే మైళ్ళ పథకాలూ మన దేశానికి వచ్చాయి. 2007 సంవత్సరం విలీనాల ఏడాది. జెట్ సహారాను కొన్నది, కింగ్‌ఫిషర్ ఎయిర్ దక్కన్‌లో వాటా తీసుకున్నది, ప్రభుత్వం ఎయిర్ ఇండియాను, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను కలిపింది. ఈ మూడు కథలూ మూడు తీర్లుగా ముగిశాయి.

మొదటిది కింగ్‌ఫిషర్. వన్‌వరల్డ్‌లో 2012 ఫిబ్రవరిలో చేరవలసి ఉండగా చివరి వారంలో అది ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరులో విమానాలే ఆగిపోయాయి. ఉద్యోగులకు నెలల తరబడి జీతాలు లేవు. సభ్యుల కింగ్ క్లబ్ మైళ్ళు చిత్తు కాగితాలతో సమానమయ్యాయి.

రెండవది జెట్. 2019 ఏప్రిల్ 17 రాత్రి అమృత్‌సర్ నుంచి ముంబయికి వెళ్ళినదే దాని చివరి విమానం. సంస్థను లిక్విడేట్ చేయమని సుప్రీంకోర్టు 2024 నవంబరులో ఆదేశించింది. చిత్రమేమిటంటే, సంస్థ పోయినా దాని మైళ్ళు వెంటనే పోలేదు. ఎతిహాద్ జెట్‌లో వాటా తీసుకున్నాక జెట్ ప్రివిలేజ్ పథకాన్ని వేరే కంపెనీగా విడదీశారు. జెట్ కూలినప్పుడు ఆ కంపెనీ నిలబడి, 2019 నవంబరులో ఇంటర్‌మైల్స్‌గా పేరు మార్చుకుంది. ఆ మైళ్ళతో వేరే సంస్థల టిక్కెట్లూ, హోటల్ గదులూ తీసుకునే వీలు కల్పించింది. డబ్బు కట్టి జెట్ టిక్కెట్టు కొన్నవారు అప్పులవాళ్ళ వరుసలో నిలబడితే, ఉచిత మైళ్ళు ఉన్నవారు కొంత రాబట్టుకోగలిగారు.

మూడవది ఎయిర్ ఇండియా. 2007 విలీనంలో ప్రయాణికుడికి పెద్ద ఇబ్బంది రాలేదు. రెండు సంస్థలకూ ఫ్లయింగ్ రిటర్న్స్ అనే ఒకే పథకం ఉండేది. నలిగింది ఉద్యోగులే. జీతాలు, ప్రమోషన్లు సరిచేయడానికి జస్టిస్ ధర్మాధికారి కమిటీని వేయవలసి వచ్చింది. కొత్త బోయింగ్ 787 విమానాల శిక్షణ ఎవరికన్న తగాదా మీద 2012లో పైలట్లు సుమారు రెండు నెలలు సమ్మె చేశారు. స్టార్ అలయన్స్ 2007లో ఆహ్వానించి, 2011లో ఆపి, చివరకు 2014 జులైలో చేర్చుకుంది. ఆ ఏడేళ్ళూ సభ్యులు ఎదురుచూశారు.

2022 జనవరి 27న ఎయిర్ ఇండియా తిరిగి టాటాల చేతికి వెళ్ళింది. 1953లో ఇచ్చిన ఇంటికే దాదాపు 69 ఏళ్ళకు చేరిందన్నమాట. 2024 నవంబరు 12న విస్తారా అందులో విలీనమైంది. క్లబ్ విస్తారా, ఫ్లయింగ్ రిటర్న్స్ కలిసి మహారాజా క్లబ్ అయ్యాయి. ఏ కూటమిలోనూ లేని విస్తారా సభ్యులకు స్టార్ అలయన్స్ ద్వారం తెరుచుకుంది. అదొక లాభం. అంతకు కొన్ని నెలల ముందే, 2024 ఏప్రిల్‌లో, ఎయిర్ ఇండియా లెక్కించే తీరు మార్చింది. దూరాన్ని బట్టి కాక టిక్కెట్టుకు ఖర్చు పెట్టిన సొమ్మును బట్టి పాయింట్లు ఇవ్వసాగింది. అమెరికన్ సంస్థలు ఈ పని పదేళ్ళ కిందటే చేశాయి. ముందుగానే చౌక టిక్కెట్టు చూసుకుని అంత దూరం వెళ్ళే మనవంటివారికి ఇందువల్ల చేరేది తక్కువ. ప్రతినెలా కంపెనీ ఖర్చు మీద తిరిగే అధికారికి చేరేది ఎక్కువ.

పెన్షనుకూ పాయింట్లకూ పోలిక లేదు

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో మనకు కంఠోపాఠం. పెన్షను యజమాని దయతో ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు. అందుకే ఆ రోజును పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాం. మైళ్ళ పథకంలో చేరినప్పుడు మనం ఒప్పుకున్న షరతులు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. నియమాలు ఎప్పుడైనా మార్చుకునే అధికారం, పథకాన్ని ముగించే అధికారం కంపెనీ తన దగ్గరే ఉంచుకుంటుంది. పాయింట్లకు డి.ఏ. లేదు సరికదా, నిన్న ఇన్ని పాయింట్లకు వచ్చిన టిక్కెట్టుకు రేపు ఇంకా ఎక్కువ అడగవచ్చు. కుటుంబ పెన్షను మాదిరిగా భార్యకో భర్తకో వాటంతట అవే సంక్రమిస్తాయన్న నమ్మకమూ లేదు. అది ఒక్కో కంపెనీ నియమాన్ని బట్టి ఉంటుంది.

కనుక సభ్యులకు కొన్ని సూచనలు:

1. ఖాతాలు అనేకం వద్దు. మీరు తరచు వెళ్ళే దారిని బట్టి ఒక కూటమిని ఎంచుకుని, అందులో ఒకే ఖాతా ఉంచుకోండి.

2. ఖాతాలోని పేరు పాస్‌పోర్టులోని పేరుతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకొకచోట పొడి అక్షరంగా ఉంటే పాయింట్లు జమకాకుండా పోతాయి.

3. ఇంటికి చేరగానే బోర్డింగ్ పాసులు పారేయకండి. పాయింట్లు జమ అయినట్టు చూసుకునేవరకు దాచండి.

4. గడువు తేదీ పాస్‌బుక్కులో రాసుకున్నట్టు రాసుకోండి. ఖాతా వివరాలు ఇంట్లో మరొకరికి తెలిసి ఉండాలి.

5. విలీనం వార్త వినగానే కంపెనీ పంపే ఉత్తరాలు శ్రద్ధగా చదవండి. రెండు ఖాతాలు కలపడానికి ఇచ్చిన గడువు దాటనివ్వకండి.

6. పాయింట్ల కోసం ఎక్కువ ధర పెట్టి టిక్కెట్టు కొనకండి. ఈ వయసులో తక్కువ మజిలీలు, వీల్‌చైర్ సదుపాయం, తగిన సమయం ముఖ్యం.

అన్నిటికంటే ముఖ్యమైన మాట చివర చెబుతున్నాను. పెద్ద ప్రయాణానికని ఏళ్ళ తరబడి దాచకుండా, చేరినవాటిని చేరినట్టు వాడుకోండి. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నది మనవాళ్ళు ఊరికే అనలేదు. దక్కన్ ఎయిర్‌వేస్ నుంచి విస్తారా దాకా ఎన్నో పేర్లు విమానాల తోకల మీద నుంచి చెరిగిపోయాయి. మనుమల దగ్గరకు ఒక్కసారి వెళ్ళి వచ్చామంటే ఆ ప్రయాణాన్ని మాత్రం ఏ విలీనమూ రద్దు చేయలేదు.