దెయ్యం పేరు మెకెంజీ

ఎడిన్‌బరోలోని గ్రేఫ్రయర్స్ శ్మశానంలో రాత్రిపూట దెయ్యం టూర్లు నడుస్తాయి మిత్రులారా. గైడు గొంతు మార్చి మరీ భయపెడతాడు. ఆ దెయ్యం జార్జ్ మెకెంజీ. బతికున్నప్పుడు రాజు తరఫు ప్రధాన న్యాయవాది. చర్చి మీద రాజు పెత్తనాన్ని ఒప్పుకోని కవనెంటర్లను వేటాడినవాడు.

1679లో బోత్‌వెల్ బ్రిడ్జి దగ్గర ఓడిన వెయ్యిమందికి పైగా ఖైదీలను ఈ శ్మశానం పక్క మైదానంలో పడేశారు. నెలల తరబడి, ఆరుబయట. లొంగి సంతకం పెట్టినవాళ్లు చాలామంది బయటపడ్డారు. మిగిలినవాళ్లలో 257 మందిని వలసల్లో అమ్మడానికి ఓడెక్కించారు. డిసెంబరులో ఓర్క్‌నీ దగ్గర ఓడ పగిలింది. సుమారు రెండు వందల మంది మునిగిపోయారు.

మెకెంజీకి మాత్రం గుమ్మటం కట్టిన సమాధి! చంపించినవాడికి దెయ్యంగా కూడా పేరు మిగిలింది.

1990ల చివర్లో ఇల్లులేని మనిషొకడు తలదాచుకోవడానికి ఆ సమాధిలో దూరి దెయ్యాన్ని లేపాడని టూరు కథ. అతనికి ఇల్లెందుకు లేదో ఆ కథలో రాదు.