కంప్యూటర్ మీద కబుర్లు: యాహూ మెసెంజర్ రోజుల నుంచి మన దాకా



మొన్న మన హాస్టల్ చెల్లి ఒకమ్మాయి ఫోన్ చేసి అడిగింది. "అన్నా, కాలేజీ ల్యాబులో కంప్యూటర్ మీద కూడా మెసేజులు పెట్టుకోవచ్చంట కదా, ఎలా మొదలెట్టాలి? నేను ఫోన్‌లో తప్ప ఎప్పుడూ చేయలేదు" అని. పది నిమిషాల్లో చెప్పేశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వొచ్చింది. మా కాలంలో ఇదంతా తలకిందులు. మేము ముందు కంప్యూటర్ మీదే కబుర్లాడాం, జేబులోకి ఫోన్ తర్వాత వచ్చింది. ఆ కథ మీలో చాలామందికి తెలీదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి. చివర్లో మనందరికీ ఒక పని కూడా చెప్తాను.

నాది పాచిపెంట మండలం. 2006 ప్రాంతంలో నేను విశాఖలో చదువుతున్నా, మా మేనత్త కొడుకు, అంటే మా బావ, సాలూరులో ఉండేవాడు. ఎస్టీడీ బూత్‌లో మాట్లాడితే మీటరు పరిగెట్టేది. నెట్ సెంటర్‌లో గంటకి పదిహేనో ఇరవయ్యో ఇస్తే చాలు, ఎంతసేపు రాసుకున్నా అంతే. అందుకని ప్రతి ఆదివారం సాయంత్రం ఇద్దరం చెరో ఊళ్ళో చెరో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళం. యాహూ మెసెంజర్ తెరిచి ఐడీ, పాస్‌వర్డ్ కొడితే పక్కన పేర్ల వరుస వచ్చేది. పేరు పక్కన పసుపు బొమ్మ నవ్వుతూ కనిపిస్తే మనిషి ఉన్నాడని, బూడిద రంగులో ఉంటే లేడని. బావ పేరు పక్కన బొమ్మ వెలిగిందంటే సంతలో మనూరోడు కనిపించినంత సంబరం. జవాబు ఆలస్యమైతే "బజ్" నొక్కేవాణ్ణి. అవతల వాడి కిటికీ మొత్తం గజగజ ఊగేది.

ఇంతకీ ఇది ఎక్కడ పుట్టింది?

చాలామంది యాహూతో మొదలైందనుకుంటారు. కాదు. 1973లోనే అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో అనే చదువుల కంప్యూటర్ మీద "టాకోమాటిక్" అని ఒకటి నడిచింది. ఐదుగురు దాకా ఒకేసారి రాసుకోవచ్చు, ఒక్కో అక్షరం కొడుతుంటేనే అవతలివాళ్ళకి కనిపించేది. 1988లో ఫిన్లాండ్‌లో యార్కో ఓయికారినెన్ అనే ఆయన ఐఆర్‌సీ తయారుచేశాడు. ఇవన్నీ విశ్వవిద్యాలయాల వాళ్ళకి, కంప్యూటర్ బాగా తెలిసినవాళ్ళకి. మామూలు మనిషి చేతికి వచ్చింది 1996 నవంబరులో. ఇజ్రాయెల్‌లో నలుగురు కుర్రాళ్ళు మిరాబిలిస్ అని కంపెనీ పెట్టి ఐసీక్యూ వదిలారు. పేరు పలికితే "ఐ సీక్ యూ", అంటే "నిన్ను వెతుకుతున్నా" అని వినిపిస్తుంది. అందులో పేరుకి బదులు ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చేవారు.

దాని గొప్పదనం మెసేజు పంపడం ఒక్కటే కాదు, మెయిల్ కూడా ఆ పని చేస్తుంది. మనవాళ్ళలో ఇప్పుడు ఎవరు కూర్చుని ఉన్నారో ముందే చూపించడం అసలు కిటుకు. మీరు లాగిన్ అవగానే మీ కంప్యూటర్ వెళ్ళి కంపెనీ సర్వర్‌కి "వచ్చాను" అని చెప్తుంది. సర్వర్ ఆ సంగతి మీ స్నేహితులందరికీ చాటుతుంది. ఊళ్ళో రచ్చబండ మీద ఎవరున్నారో దూరం నుంచే చూసి అటు నడిచినట్టు. ఈ రోజు వాట్సాప్‌లో "ఆన్‌లైన్" అని కనిపించే మాటకి మూలం అదే.

రెండేళ్ళు తిరక్కుండానే, 1998 జూన్‌లో, అమెరికా కంపెనీ ఏఓఎల్ ఆ మిరాబిలిస్‌ను 28 కోట్ల 70 లక్షల డాలర్లిచ్చి కొనేసింది. 1997లో ఏఓఎల్ సొంత మెసెంజర్, 1998 మార్చిలో యాహూ పేజర్ (తర్వాత దీనికే యాహూ మెసెంజర్ అని పేరు మార్చారు), 1999 జులైలో మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎంఎస్ఎన్ మెసెంజర్ వచ్చాయి. అక్కడ మొదలైంది గొడవ. మైక్రోసాఫ్ట్ తన మెసెంజర్ నుంచే ఏఓఎల్ వాళ్ళతో మాట్లాడే దారి పెట్టింది. ఏఓఎల్ మూసేసింది. వీళ్ళు మళ్ళీ తెరిచారు, వాళ్ళు మళ్ళీ మూశారు. చివరికి మైక్రోసాఫ్టే విరమించుకుంది. నష్టం ఎవరికి? మామూలు వాళ్ళకే. స్నేహితుడు ఏ కంపెనీలో ఉంటే ఆ ప్రోగ్రాం మనం పెట్టుకోవాలి. మూడు గుంపుల్లో స్నేహితులుంటే మూడు ప్రోగ్రాములు.

దీనికి విరుగుడు కూడా ఆ రోజుల్లోనే పుట్టింది. 1999లో జెరెమీ మిల్లర్ అనే యువకుడు జాబర్ అని ఒక పద్ధతిని అందరి ముందూ పెట్టాడు. ఎవరైనా సొంత సర్వర్ పెట్టుకోవచ్చు, ఒక సర్వర్ వాళ్ళు ఇంకో సర్వర్ వాళ్ళతో మాట్లాడొచ్చు. 2004లో అది ఎక్స్‌ఎంపీపీ పేరుతో ఇంటర్నెట్ ప్రమాణమైంది. 2005 ఆగస్టులో వచ్చిన గూగుల్ టాక్ నడిచింది దాని మీదే. గెయిమ్ అనే ఉచిత ప్రోగ్రాం, 2007 నుంచి దాని పేరు పిడ్జిన్, అన్ని కంపెనీల ఐడీలనూ ఒక్క కిటికీలో కలిపేది. మా సీనియర్ అన్న ఒకాయన అది చూపిస్తే నోరు తెరుచుకుని చూశాం.

మన తెలుగు సంగతి

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. అప్పటికే అమెరికాలోని తెలుగువాళ్ళు కంప్యూటర్‌లో తెలుగు రాసుకునే దారి ఒకటి వేసుకున్నారు. రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న రామారావు కన్నెగంటి, ఆనంద కిశోర్ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి తయారుచేశారు. ఆర్‌టీఎస్ అంటారు. చిన్న "ఎన్" కొడితే న, పెద్ద "ఎన్" కొడితే ణ. చిన్న "ఎల్" ల, పెద్ద "ఎల్" ళ. మేము నెట్ సెంటర్‌లో అంత పద్ధతిగా రాయలేదు గానీ, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట్లాడటం మాకూ అలవాటయింది.

తెలుగు లిపిలోనే రాద్దామంటే ఎక్కడ చిక్కు? యూనికోడ్‌లో తెలుగు 1991లోనే ఉంది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు కూడా ఇచ్చారు. కానీ ఎక్స్‌పీ సీడీ పెట్టి భారతీయ భాషల సౌకర్యాన్ని విడిగా ఆన్ చేస్తే గానీ తెలుగు సరిగా కనిపించదు. నెట్ సెంటర్ వాళ్ళకి ఆ సీడీ వెతికే తీరిక ఎక్కడిది? బావ తెలుగులో పంపితే నాకు వరసగా డబ్బాలు కనిపించేవి. 2006లో వీవెన్ గారు లేఖిని తెచ్చారు. ఒక పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే పక్క పెట్టెలో తెలుగు వచ్చేది. దాన్ని కాపీ చేసి మెసెంజర్లో అతికించేవాళ్ళం. మొదటిసారి "బావా, బాగున్నావా" అని తెలుగు అక్షరాల్లో చూసుకున్న రోజు ఇద్దరం చాలాసేపు ఇంకేమీ రాసుకోలేదు.

ఇక్కడ ఒక పెద్దాయన్ని తలుచుకోవాలి. గిడుగు రామమూర్తి గారు. 1863లో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు. 1931లో సవర భాష వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. మాట్లాడే భాషలోనే రాయాలని తెలుగు కోసం పోరాడింది కూడా ఆయనే. అటు సవరల్లోనే 1936లో మంగేయ్ గొమాంగో సొంత లిపి సొరాంగ్ సొంపెంగ్ తయారుచేశారు. 2012లో అది యూనికోడ్‌లోకి ఎక్కింది. మన కొండదొరల కూబి భాష గురించి భద్రిరాజు కృష్ణమూర్తి గారి పుస్తకం 1969లో వచ్చింది. గిడుగు వారు ఏది కోరారో చాటింగ్‌లో మనం రోజూ చేస్తున్నది అదే: నోటితో ఎలా అంటామో అలాగే రాయడం. మరి అలా తెలుగు రాస్తున్నాం గానీ కూబి, కువి, గదబ, సవర ఎంతమందిమి రాస్తున్నాం?

నేను పోగొట్టుకున్నది

మా తాత కూబి మాట్లాడేవాడు. నాన్నకి అర్థమవుతుంది. నాకు కొన్ని మాటలే వచ్చు. మా నానమ్మకి మాత్రం కొండ మీద ప్రతి గెడ్డకీ, ప్రతి చెట్టుకీ పాత పేరు తెలుసు. ఒక వేసవిలో బావ ఆమె పక్కన కూర్చుని ఆ పేర్లన్నీ అడిగి కాగితం మీద రాసుకుని, సాలూరు వచ్చాక నాలుగైదు ఆదివారాలు మెసెంజర్లో నాకు పంపాడు. ఏ పేరు ఎందుకొచ్చిందో కూడా రాశాడు. చదివాను, నవ్వుకున్నాను, కిటికీ మూసేశాను. ఎక్కడా దాచలేదు. కాగితం బావ దగ్గర వానకి తడిసి పోయింది. తర్వాత నానమ్మ కూడా పోయింది.

యాహూ మెసెంజర్ 2018 జులై 17న ఆగిపోయింది. పాత సంభాషణలు దింపుకోవడానికి నవంబరు ఆఖరు దాకా గడువిచ్చారు. ఆ వార్త చదివి నేను లేచి కూర్చున్నాను. ఐడీ గుర్తుంది, పాస్‌వర్డ్ గుర్తులేదు. ఆ ఐడీకి ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో మారిపోయింది. తప్పు ఎవరిదీ కాదు, నాదే. ఏఓఎల్ మెసెంజర్ 2017 డిసెంబరులో, ఐసీక్యూ 2024 జూన్‌లో మూతపడ్డాయి. ఏ ప్రోగ్రామూ శాశ్వతం కాదు. వాట్సాప్ కూడా 2009లో పుట్టిందే. పెట్టిన జాన్ కూమ్, బ్రయాన్ యాక్టన్ ఇద్దరూ అంతకుముందు యాహూలో పనిచేసినవాళ్ళే.

ఈ నష్టం మనకి కొత్త కాదు. 1900లో ఇదే పాచిపెంట ప్రాంతంలో, కొర్రవానివలస దగ్గర, కొర్ర మల్లయ్య అనే కొండదొర వెనక నాలుగైదు వేలమంది పోగయ్యారు. వెదురు కర్రలని తుపాకుల్లా చెక్కుకుని ఇంగ్లీషువాళ్ళని వెళ్ళగొడతామన్నారు. పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. అంతమందికి కబురు ఎలా చేరింది? నోటి నుంచి నోటికి. ఆ నోళ్ళు ఏమన్నాయో ఇప్పుడు పుస్తకాల్లో వెతికితే దొరికేది ఎక్కువగా అధికారులు రాసిన గెజిటీర్ మాటలే. రాసినవాడి కథే మిగిలింది.

ఇప్పుడు మొదలుపెట్టడం ఎలా

2023 జూన్‌లో రాష్ట్రంలోని గిరిజన ప్రాంతాలకి ఒకేసారి 100 4జీ టవర్లు ప్రారంభించారు. 85 అల్లూరి జిల్లాలో, 10 మన మన్యం జిల్లాలో. అయినా కొండ పైన గూడేల్లో సిగ్నల్ కోసం చెట్టెక్కే తమ్ముళ్ళు ఇంకా ఉన్నారని మీకు తెలుసు. అందుకే ల్యాబులో కంప్యూటర్ దొరికినప్పుడు వాడుకోండి.

వాట్సాప్ అయితే కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరవండి, గళ్ళ బొమ్మ వస్తుంది. ఫోన్‌లో వాట్సాప్ తెరిచి, లింక్డ్ డివైజెస్‌కి వెళ్ళి ఆ బొమ్మని స్కాన్ చేస్తే చాలు. ఆ తర్వాత ఫోన్‌లో నెట్ లేకపోయినా కంప్యూటర్‌లో నడుస్తుంది. కానీ 14 రోజులపాటు ఫోన్‌లో వాట్సాప్ తెరవకపోతే లింకు తెగిపోతుంది.

ల్యాబులో లేచేముందు లాగౌట్ తప్పనిసరి. నేనొకసారి నెట్ సెంటర్‌లో మర్చిపోయి వచ్చేస్తే, తర్వాత కూర్చున్నవాడెవడో నా పేరుతో స్నేహితులందరికీ పిచ్చి మెసేజులు పంపాడు. వారం రోజులు సంజాయిషీ చెప్పుకున్నాను. అందరూ వాడే కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమని టిక్కు పెట్టొద్దు.

తెలుగులో కొట్టాలంటే ఇప్పుడు డబ్బాల బాధ లేదు. విండోస్ భాషల సెట్టింగుల్లో తెలుగు చేర్చి ఫొనెటిక్ కీబోర్డు పెట్టుకోండి. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

ఇక దాచుకోవడం. టెలిగ్రామ్ డెస్క్‌టాప్‌లో చాట్ తెరిచి పైన మూడు చుక్కలు నొక్కితే "ఎక్స్‌పోర్ట్ చాట్ హిస్టరీ" ఉంటుంది. మాటలు, ఫొటోలు, వాయిస్‌లు అన్నీ ఒక ఫోల్డర్‌లోకి వస్తాయి. వాట్సాప్‌లో ఫోన్ నుంచి "ఎక్స్‌పోర్ట్ చాట్" చేసి మీ మెయిల్‌కి పంపుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి, రెండు చోట్ల ఉంచండి.

మొదట్లో చెప్పిన పని ఇదే. ఈ సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ నానమ్మ, అమ్మమ్మ, తాత ఎవరుంటే వాళ్ళ పక్కన ఒక పూట కూర్చోండి. మీ ఊరి గెడ్డల పేర్లు, కొండల పేర్లు, చెట్ల పేర్లు మీ భాషలో అడగండి. తెలుగు లిపిలో రాసినా సరే, వాయిస్ పెట్టినా సరే, ముందు చాట్‌లోకి ఎక్కించండి. తర్వాత దింపుకుని దాచండి. పది పేర్లు దొరికినా పదీ రాయండి.

ఆ ఫోన్ చేసిన చెల్లి నిన్న ల్యాబు నుంచి తన మొదటి మెసేజు పంపింది. "అన్నా వచ్చేసింది" అని తెలుగులో. కింద ఇంకో మాట ఉంది, వాళ్ళ భాషలో. నాకు అర్థం కాలేదు. అడిగితే వాళ్ళమ్మమ్మని అడిగి చెప్తానంది.

ఎదురుచూస్తున్నాను. జోహార్.