నంది కోట ముట్టడి - మద్రాసు రేవు

మైసూరు యుద్ధాల పుస్తకాల్లో నందిదుర్గం ముట్టడికి ఒక పేరా దక్కుతుంది. దాని వెనకున్న సముద్రానికి అదీ దక్కదు. మరోవైపు, ఫ్రెంచి నౌకాదళం వచ్చి ఉంటే టిప్పు గెలిచేవాడన్న మాట పదేపదే వింటాం. మొదటిది లోపం, రెండోది తొందరపాటు.

సొంత నౌకాబలం మైసూరుకు ఎన్నడూ కలిసిరాలేదు. 1780 చివర టిప్పు తండ్రి హైదర్ ఓడలను బ్రిటిష్ నౌకాదళాధిపతి హ్యూస్ మంగళూరులోనే ధ్వంసం చేశాడు. 1782లో ఫ్రెంచి సేనాని సఫ్రెన్ హ్యూస్‌తో నాలుగుసార్లు తలపడి, ట్రింకోమలీని పట్టుకున్నాడు. అంతటివాడు కూడా ఈశాన్య రుతుపవనానికి తలవంచి, సుమత్రాలోని ఆచే రేవుకు వెళ్ళిపోయాడు. ఆ డిసెంబరులోనే హైదర్ చిత్తూరు దగ్గర కన్నుమూశాడు.

ఆ రుతువే అసలు కీలకం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చోళమండల తీరాన ఓడలు నిలవడానికి భద్రమైన రేవు లేదు. నంది కోట పడింది 1791 అక్టోబరు 19న. ఆ నెలలో మద్రాసును దిగ్బంధించడం ఎవరి తరమూ కాదు. పైగా మే నెలలో శ్రీరంగపట్టణం దగ్గర ఎడ్లు చచ్చి, తిండి కరువై, ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ తన భారీ ఫిరంగులను తానే పాడుచేసుకుని వెనుదిరిగాడు. ఆ తర్వాత సైన్యాన్ని నిలబెట్టిన ధాన్యంలో చాలా భాగం బంజారాల పెరికెడ్ల మీద వచ్చింది. నంది కొండ మీద ఆ సైన్యం పడమటి వాలున దారి కొట్టి, ఏనుగుల సాయంతో ఫిరంగులను పైకెక్కించి గోడకు గండ్లు పెట్టారు. లోపలివారు దొర్లించిన బండల కిందే దాడిచేసినవారు ఎక్కువగా గాయపడ్డారు. ఈ దశలో ఓడలు మార్చగలిగింది తక్కువ. అయితే డబ్బు, మందుగుండు మద్రాసు మీదుగానే వచ్చేవి కనుక, అసలేమీ మారదని కూడా అనలేం.

ప్రత్యామ్నాయ చరిత్రకు తావున్నది 1791 జనవరి, ఫిబ్రవరి నెలల్లో. కలకత్తా నుంచి ఓడలో దిగిన కారన్‌వాలిస్ అప్పుడు వెల్లూరు వైపు సైన్యాన్ని కూడగడుతున్నాడు. ఆ వారాల్లో సఫ్రెన్ లాంటివాడు మద్రాసు ముందు నిలిచి ఉంటే, మైసూరు పీఠభూమికి దారైన మొగిలి కనుమ ఎక్కడం ఆలస్యమయ్యేది. మార్చిలో బెంగళూరు పడకపోతే దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం అంత తేలిగ్గా లొంగేవి కావు. గుర్రంకొండను ముట్టడించిన, కంపెనీ మిత్రుడైన నిజాం సేన కూడా ఒంటరయ్యేది. బాగేపల్లి, చింతామణి పల్లెల్లో ఆ ఏడు దండ్ల రాకపోకలు మరోలా ఉండేవి.

కానీ ఆ నౌకాదళం రాదు. 1788లో పారిస్ వెళ్ళిన టిప్పు రాయబారులకు పొత్తు దొరకలేదు. మరుసటి ఏడు విప్లవం వచ్చింది. 1791 నవంబరులో తలచేరి దగ్గర ఫ్రెంచి యుద్ధనౌక రెజొల్యూను లొంగదీసింది కారన్‌వాలిస్ తమ్ముడు విలియం నడిపిన దళమే. టిప్పు భారీ నౌకానిర్మాణ పథకం వేసింది 1796లో, సగం రాజ్యం పోయాక.

నేడు నంది కొండకు వచ్చేవారికి టిప్పు డ్రాప్ అనే కొండ అంచును చూపిస్తారు, ముట్టడి దారి గురించి చెప్పేవారు అరుదు. టిప్పును పొగడటానికో తిట్టడానికో రాసే పుస్తకాలు రేవులనూ రుతువులనూ ఎడ్లనూ వదిలేస్తున్నాయి. నా అంచనా కూడా రెండు నెలల అవకాశానికే పరిమితం, అంతకుమించి సాగదీస్తే నిలవదు. ఆ హద్దు గీసుకున్నాకే ఇలాంటి ఊహ మన ప్రాంత చరిత్రకు పనికొస్తుంది.